నెలసరిలో వ్యాయామం: నిషేధానికీ విశ్రాంతికీ మధ్య

సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లి వద్ద, పెద్దగట్టు మీద, రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే లింగమంతుల స్వామి జాతరలో స్త్రీలు నెత్తిన బోనంతో, గంపతో గట్టెక్కి స్వామికీ చౌడమ్మకూ మొక్కు చెల్లిస్తారు. ఎండలో, రద్దీలో, బరువుతో సాగే ఆ ఎక్కుడు దేహానికి చిన్న శ్రమ కాదు. ముట్టయిన స్త్రీ మాత్రం బోనమెత్తదు. తెలంగాణ అంతటా ఉన్న ఆచారమే ఇక్కడా నడుస్తుంది. అయితే ఆమె అలసిపోతుందన్న కనికరంతో పెట్టిన కట్టుబాటు కాదది అని చుట్టుపక్కల పొలాలను చూస్తే తెలిసిపోతుంది. అదే స్త్రీ అవే మూడు రోజులలో బురదమడిలో నడుము వంచి నాటు వేస్తుంది, పత్తి ఏరుతుంది, మిరప చేనిలో కాయ తెంపుతుంది, పొద్దుగూకే వేళ నెత్తిన గడ్డిమోపుతో ఇంటికి వస్తుంది. ఆ పనులు ఆ రోజులలో తగవని ఊళ్లో ఎవరూ ఆక్షేపించరు. ఇంటికి వచ్చాక తొక్కు జాడీని ముట్టవద్దని, దేవుని అర్రలోకి పోవద్దని చెప్పే నోరే, బడిలో చదివే ఆమె బిడ్డ మైదానంలో పరుగెత్తుతానన్నా, కబడ్డీ ఆడతానన్నా, ముట్టులో ఆ దుంకులాటలేమిటని అడ్డు చెబుతుంది.

నెలసరి దినాలలో వ్యాయామం చేయవచ్చునా, కూడదా అన్న ప్రశ్నను ధర్మప్రశ్నగా విచారించదలచినవారు మొదట ఈ వైరుధ్యాన్ని ఎదుర్కోవలసి ఉంటుంది. కూలి కోసం చేసే శ్రమకు లేని దోషం ఆట కోసం, ఆరోగ్యం కోసం చేసే శ్రమకు ఎక్కడి నుంచి వచ్చింది? శాస్త్రం వద్దన్నదని ఇళ్లలో తేలికగా అనే మాట నిలుస్తుందో లేదో, ఆ శాస్త్రం ఏదో, అది ఎవరిని ఉద్దేశించి ఏమి చెప్పిందో చూసి తేల్చుకోవాలి.

వైదిక వాఙ్మయంలో ఈ నియమాలకు ప్రసిద్ధమైన ఆధారం కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయ సంహిత రెండవ కాండలో ఉంది. తెలుగు బ్రాహ్మణ కుటుంబాలలో అధికభాగం అనుసరించే శాఖ ఇదే కనుక ఇక్కడి ఆచారాలపై దాని ముద్ర గాఢంగా పడింది. త్వష్ట కుమారుడూ దేవతల పురోహితుడూ అయిన విశ్వరూపుని ఇంద్రుడు చంపి, తనకు అంటిన బ్రహ్మహత్యా దోషాన్ని భూమికీ, చెట్లకూ, స్త్రీలకూ తలా ఒక పాలు పంచాడనీ, స్త్రీలు పుచ్చుకున్న భాగమే నెలసరిగా పరిణమించిందనీ ఆ కథ. భాగవత షష్ఠస్కంధంలో నీటిని కూడా చేర్చి నాలుగు పాళ్లుగా చెప్పిన ఈ వృత్తాంతం, ఆ స్కంధాన్ని తెనిగించిన ఏర్చూరి సింగన ద్వారా తెలుగువారికి మరింత చేరువైంది. కథను నమ్మేవారు సైతం ఒక సంగతిని గమనించాలి: అందులో పాపం చేసినవాడు ఇంద్రుడు, స్త్రీ ఆ బరువును వరం పుచ్చుకొని పంచుకున్న సహాయకురాలు. పాపికి తిరిగి స్వర్గాధిపత్యం దక్కి, బరువు మోసినవారికి వెలి దక్కడం కథలోని న్యాయం కాదు, కథను వాడుకున్నవారు చేసిన అన్యాయం. బౌధాయన, వాసిష్ఠ ధర్మసూత్రాలు ఇదే స్రావాన్ని స్త్రీల దోషాలను నెలనెలా కడిగివేసే పావనక్రియగా వర్ణించాయన్న విషయం కూడా మన ఇళ్లలో దాదాపు ఎవరూ చెప్పరు.

తైత్తిరీయ సంహిత ఆ మూడు రాత్రులలో మానవలసినవాటిని వరుసగా చెప్పింది: స్నానం, తైలమర్దనం, తల దువ్వుకోవడం, కాటుక, దంతధావనం, గోళ్లు తీయడం, నూలు వడకడం, తాడు పేనడం. చేతిపనులుగా కనిపించేవి చివరి రెండే. పరుగు, నడక, బరువులెత్తడం ఆ జాబితాలో లేవు. పరుగు ప్రస్తావన వచ్చేది వేదంలో కాదు, వైద్యగ్రంథంలో. సుశ్రుత సంహిత శారీరస్థానం రెండవ అధ్యాయం రజస్వలాచర్యను, అంటే నెలసరిలో ఉన్న స్త్రీ నడవడిని, వివరిస్తూ పగటినిద్ర, కాటుక, కన్నీరు, స్నానం, పూతలు, తలంటు, గోళ్లు తీయడం, పరుగెత్తడం, నవ్వడం, అతిగా మాట్లాడడం, పెద్ద ధ్వనులు వినడం, గాలికి తిరగడం, ఆయాసపడడం మొదటి దినం నుంచే మానాలని చెబుతుంది. దర్భలు పరచిన పడకపై శయనించి, హవిస్సు వంటి తేలిక ఆహారం తిని, నాలుగవ దినాన స్నానం చేయాలంటుంది. నెలసరిలో దేహశ్రమ వద్దనడానికి ప్రాచీన వాఙ్మయంలో దొరికే స్పష్టమైన ఆధారాలలో ఇది ముఖ్యమైనది కనుక, దీనిని తొందరపడి తోసిపుచ్చకుండా దగ్గరగా చదవడం మంచిది.

మొదట కనిపించేది, పరుగుతో పాటు నవ్వునూ కన్నీటినీ అదే వాక్యం నిషేధించడం. బిడ్డను మైదానానికి పంపని ఇల్లు ఆమె నవ్వును ఆపదు. అంతకంటె ముఖ్యంగా, ఆ మూడు రోజులలో ఆమె కంట నీరు రానివ్వకూడదన్న నియమాన్ని ఇంటివారు తమకు వర్తించే విధిగా ఏనాడూ తీసుకోలేదు. మొదటిసారి రజస్వల అయిన పిల్లను ఒక మూలన కూర్చోబెట్టి, ఆమె ఏడుస్తున్నా పట్టించుకోని ఇల్లు సుశ్రుతుని పేరు చెప్పే అర్హతను అక్కడే పోగొట్టుకుంటుంది. రెండవది ఇంకా కీలకమైనది: ప్రతి నిషేధానికీ సుశ్రుతుడు చెప్పిన ఫలం స్త్రీకి కలిగే కీడు కాదు, పుట్టబోయే బిడ్డకు కలిగే కీడు. పరుగెత్తితే బిడ్డ చంచలస్వభావుడవుతాడనీ, గాలికి తిరిగి శ్రమపడితే ఉన్మాది అవుతాడనీ ఆయన అంటాడు. అధ్యాయం పేరే శుక్రశోణితశుద్ధి. నాలుగవ నాటి స్నానం తరువాత ప్రస్తావన నేరుగా గర్భాధానానికి, అంటే సంతానం కోరి దంపతులు కలిసే కర్మకు, వెళుతుంది. తైత్తిరీయ సంహితలో చెప్పిన ఫలాలూ ఇలా సంతానానికి సంబంధించినవే.

వేదవాక్యాలకు అర్థనిర్ణయం చేసే పూర్వమీమాంస ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. ఒక విధి ఎవరికి, ఏ సందర్భంలో వర్తిస్తుందో తేల్చడానికి ఆ దర్శనం చెప్పిన ఆరు సాధనాలలో ప్రకరణం ఒకటి. ఏ ప్రధానకర్మను ప్రస్తావిస్తూ ఒక నియమం వచ్చిందో, ఆ నియమం ఆ కర్మకు అంగమే తప్ప అన్ని కాలాలకూ అందరికీ చెల్లే స్వతంత్రవిధి కాదని దాని సారం. ఈ లెక్కన సుశ్రుతుని నియమాలు ఆ నెలలో గర్భం కోరే స్త్రీకి చెప్పినవి. ఎనిమిదో తరగతి చదివే పిల్లకు, ముగ్గురు పిల్లల తల్లికి, సంతానేచ్ఛ లేని స్త్రీకి అవి ప్రకరణం చేతనే వర్తించవు. మీమాంసకులది ఇంకొక విభజన కూడా ఉంది: కంటికి కనిపించే ప్రయోజనం గల నియమం దృష్టార్థం, కనిపించని పుణ్యపాపాల కోసం ఏర్పడినది అదృష్టార్థం, దృష్టప్రయోజనం దొరికిన చోట అదృష్టాన్ని కల్పించడం న్యాయం కాదన్నది వారి సిద్ధాంతం. ఆయాసం వద్దన్న వైద్యుని మాట దృష్టార్థమే కనుక, శరీరానికి మేలో కీడో అన్న పరీక్షకు అది లోబడి ఉంటుంది. పరీక్షలో నిలవకపోతే సడలించుకోవచ్చు, సడలించుకున్నందుకు పాపమేమీ అంటదు. వైద్యునిది సలహా, దానికి మైల అనే భావనను తగిలించి ఆజ్ఞగా మార్చినది సమాజం.

ఇదే ఆయుర్వేదం వ్యాయామాన్ని నిర్వచించిన తీరు తెలిస్తే ఆయాసమనే మాట ఎంతవరకు వర్తిస్తుందో తెలుస్తుంది. దేహానికి స్థిరత్వాన్నీ బలాన్నీ ఇచ్చే ఇష్టపూర్వకమైన చేష్టను చరకుడు వ్యాయామమన్నాడు. ఎవరైనా తమ శక్తిలో సగం మేరకే చేయాలని, నోటితో ఊపిరి పీల్చవలసిన స్థితి రాగానే ఆపాలని సుశ్రుతుడు కొలత చెప్పాడు. దీనికి అర్ధశక్తి అని పేరు. నెలసరి నొప్పితో శక్తి తగ్గిన రోజున అందులో సగం కూడా తగ్గుతుంది, బాగున్న రోజున పెరుగుతుంది. కొలత మనిషిని బట్టి, రోజును బట్టి మారుతుంది కాని పంచాంగాన్ని బట్టి మారదు. కాళిదాసు కుమారసంభవంలో వటువు వేషంలో వచ్చిన శివుడు ఘోరతపస్సులో ఉన్న పార్వతిని, నీ శక్తికి తగినట్టుగానే తపస్సు చేస్తున్నావా అని అడిగి, ధర్మసాధనకు మొదటి పనిముట్టు శరీరమే కదా అని గుర్తుచేస్తాడు. తపస్సు మానమని ఆ సందర్భంలో చెప్పలేదు. శక్తి ఎంతో చూసుకొమ్మన్నాడు. స్త్రీ దేహశ్రమ గురించి భారతీయ వాఙ్మయంలో ఇంత సున్నితమైన ప్రశ్న మరొకటి అరుదు.

యోగసంప్రదాయంలో కనిపించే జాగ్రత్త కొంత భిన్నమైనది. దేహంలో కిందికి నడిచే వాయువును అపానమంటారు; మలమూత్రాలు, ఆర్తవం, ప్రసవం దాని పనులు. శీర్షాసనం, సర్వాంగాసనం వంటి తలకిందుల ఆసనాలు ఆ గతికి ఎదురు కనుక ఆ రోజులలో వాటిని మానాలని చాలామంది యోగాచార్యులు చెబుతారు. 1966లో వెలువడిన తన ప్రసిద్ధ గ్రంథంలో బి.కె.ఎస్. అయ్యంగార్ నెలసరిలో ఆసనాలు మానమని చెబుతూనే, స్రావం మోతాదు మించినప్పుడు బద్ధకోణాసనం, ఉపవిష్టకోణాసనం వంటివి మేలు చేస్తాయన్నారు. తలకిందుల ఆసనాలు నిశ్చయంగా హాని చేస్తాయని ఆధునిక వైద్యం నిరూపించలేదు. అయినా ఇది దేహాన్ని గమనించి చెప్పిన జాగ్రత్త కనుక, నచ్చినవారు పాటించడంలో తప్పేమీ లేదు. దీనికీ మైలకూ సంబంధం లేదు.

ఇతర సంప్రదాయాలలోనూ ఆరాధనను, శ్రమను వేరుచేసి చూసిన సందర్భాలు ఉన్నాయి. ఇస్లాంలో నెలసరిలో ఉన్న స్త్రీకి నమాజు నుంచి మినహాయింపు ఉంది, తప్పిన నమాజులను తరువాత తీర్చవలసిన పని కూడా లేదు. అయితే హజ్ యాత్రలో నెలసరి మొదలై విచారిస్తున్న తన భార్య ఆయిషాకు ప్రవక్త, కాబా ప్రదక్షిణ తప్ప యాత్రికులు చేసేవన్నీ చేయమని చెప్పినట్టు హదీసులలో ఉంది. ఎండలో, ఎడారిలో సాగే ఆ యాత్ర కంటె కఠినమైన దేహశ్రమ ఏముంటుంది? వీరశైవులు మరింత ముందుకు వెళ్లారు. వారు నిరాకరించిన పంచసూతకాలలో, అంటే అయిదు రకాల మైలలలో, రజస్సూతకం ఒకటి. ఇష్టలింగాన్ని ఒంటిమీద ధరించి ప్రతిదినం పూజించే స్త్రీకి నెలనెలా కొన్ని దినాలు దేహం అపవిత్రమవుతుందంటే ఆ ధారణకే అర్థం ఉండదు కనుక, లింగాంగికి, అంటే లింగం ధరించినవారికి, మైల లేదన్నారు. వీరశైవ కవి పాల్కురికి సోమనాథుడు పుట్టిన తెలంగాణలో, పిల్లలమర్రి శివాలయాలు సూర్యాపేటకు కూతవేటు దూరంలో నిలిచి ఉన్న నేలలో, ఈ తర్కం పరాయిది కాదు.

తెలుగునేలకు ఆనుకొని ఉన్న ఒడిశాలో జ్యేష్ఠాషాఢాల సంధిలో, మిథున సంక్రాంతి వేళ జరిగే రజ పండుగను ఈ విచారణలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. భూదేవి ఆ మూడు రోజులు రజస్వల అవుతుందని నమ్మి అక్కడివారు నాగలి కట్టరు, నేల తవ్వరు. స్త్రీలు నూరుడు పనులు, వంటపనులు మానుతారు. నాలుగవ నాడు వసుమతీ స్నానం జరుగుతుంది. ఆ రోజులలో ఆడపిల్లలు చేసేది మూలన కూర్చోవడం కాదు: కొత్తబట్టలు కట్టుకొని చెట్లకు కట్టిన ఉయ్యాలలు ఊగుతారు. ఉయ్యాలను కాళ్లతో తన్ని, నడుముతో విసిరి ఎత్తుకు ఊగడం నిజమైన వ్యాయామమే. చాకిరీకి సెలవు, ఆటకు స్వేచ్ఛ: చివ్వెంల చుట్టుపక్కల నడిచే వరుసకు ఇది సరిగ్గా తలకిందులు. విశ్రాంతి అన్న భావన మన సంప్రదాయంలో మొదట ఏ రూపంలో ఉండి ఉండవచ్చునో ఊహించడానికి రజ పండుగ మంచి ఆధారం. ఆ విశ్రాంతిని వదిలేసి అంటరానితనాన్ని మాత్రం మిగుల్చుకోవడం మనం చేసిన నష్టపు బేరం.

నిషేధానికి శాస్త్రీయతను అంటగట్టే ప్రయత్నం మతాలకే పరిమితం కాలేదు. అమెరికాలోని బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్ 1873లో ప్రచురించిన పుస్తకంలో, ఆడపిల్లలు మగపిల్లలతో సమానంగా చదివితే, ముఖ్యంగా నెలసరిలో మెదడుకు పనిపెడితే, గర్భాశయానికి చేరవలసిన శక్తి దారి తప్పుతుందని వాదించాడు. మేరీ పట్నం జాకోబీ అనే వైద్యురాలు ఆ వాదాన్ని వాదంతో కాక పరిశీలనతో ఎదుర్కొంది. 268 మంది స్త్రీల సమాధానాలు సేకరించి, నాడి, రక్తపుపోటు, కండరబలం కొలిచి, సరైన తిండి ఉన్న ఆరోగ్యవంతులైన స్త్రీలకు నెలసరిలో విశ్రాంతి తప్పనిసరి అనడానికి ఆధారం లేదని తేల్చింది. ఆ రచనకు 1876లో హార్వర్డ్ వారి బాయిల్‌స్టన్ బహుమతి వచ్చింది. సరైన తిండి ఉంటే అన్న ఆమె షరతును ఇక్కడివారు మరువకూడదు.

నొప్పికి మూలం ఇప్పుడు స్పష్టంగా తెలుసు. గర్భసంచి లోపలి పొర రాలేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై కండరాన్ని బిగిస్తాయి, రక్తనాళాలను ముడుస్తాయి; అవి ఎక్కువైనవారికి పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతి, విరేచనం కలుగుతాయి. నెల పొడుగునా క్రమంగా, వారానికి మూడు సార్లో అంతకు ఎక్కువో, 45 నుంచి 60 నిమిషాల పాటు చేసే వ్యాయామం ఈ నొప్పిని చెప్పుకోదగినంత తగ్గించవచ్చునని 2019 నాటి కాక్రేన్ సమీక్ష తెలిపింది. ఆధారాల నాణ్యత తక్కువేనని అదే సమీక్ష నిజాయితీగా చెప్పింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 49 కిలోల విభాగంలో 199 కిలోలెత్తి నాలుగో స్థానంలో నిలిచిన మీరాబాయి చాను, అది తన నెలసరి మూడో రోజని, కాస్త నీరసంగా ఉందని దాచకుండా చెప్పింది. నెలసరి శ్రమకు అడ్డు కాదనడానికీ, దాని భారం అబద్ధం కాదనడానికీ ఆ ఒక్క మాట చాలు. పోలీసు ఉద్యోగం కోసం 800 మీటర్ల పరుగు సాధన చేసే సూర్యాపేట యువతులకు ఇది దూరపు సంగతి కాదు. పరీక్ష తేదీ వారి దేహాన్ని అడిగి రాదు.

ఇక ఆ రోజు పరుగెత్తాలా, నడవాలా, పడుకోవాలా అని నిర్ణయించేది ఎవరు? న్యాయదర్శనం ప్రకారం సుఖదుఃఖాలు ఆత్మగుణాలు. వాటిని మనస్సు నేరుగా గ్రహిస్తుంది, దీనినే మానసప్రత్యక్షం అంటారు. ఒకరి నొప్పి మరొకరికి అనుమానప్రమాణంతో, అంటే ముఖం చూసో మాట వినో ఊహించడం ద్వారా మాత్రమే తెలుస్తుంది. ప్రత్యక్షం ఉన్నచోట ఊహ పైచేయి కాజాలదు. కనుక నొప్పి లేదంటున్న పిల్లను కూర్చోబెట్టే తల్లి, నొప్పి ఉందంటున్న పిల్లను పరుగెత్తించే వ్యాయామోపాధ్యాయుడు ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. పిల్ల మైదానానికి వెనుకాడడానికి చాలాసార్లు నొప్పికన్న మరక భయమే కారణమవుతుంది. బడిలో నీళ్లున్న మరుగుదొడ్డి, మార్చుకోవడానికి ప్యాడ్ లేనప్పుడు ఆమె వద్దనడాన్ని శాస్త్రవిధేయతగా పొగడడం ఆ లోపాన్ని కప్పిపుచ్చడమే.

ఆమె ప్రత్యక్షానికి అందని సంగతులు కూడా ఉన్నాయి, అక్కడ ఆప్తవాక్యం, అంటే తెలిసిన హితుని మాట, అవసరం. మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అతిస్రావం. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో 15 నుంచి 49 ఏళ్లవారిలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైన పిల్లకు ఆయాసం నెలసరి రోజులలోనే కాదు, నెలంతా ఉంటుంది; అలవాటైపోయిన నీరసాన్ని ఆమె నీరసంగా గుర్తించకపోవచ్చు. తలతిరగడం, గంటగంటకూ ప్యాడ్ తడిసిపోవడం, మాత్ర వేసుకున్నా తగ్గని నొప్పి ఉన్నవారు వ్యాయామం మాట పక్కనపెట్టి డాక్టరును కలవాలి. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను పారేయకుండా మింగడం ఈ విషయంలో ఏ నియమం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

శక్తికి మించిన శ్రమ గురించి సుశ్రుతుడు పడ్డ భయం నిజంగా వర్తించేది మైదానంలోని పిల్లకు కాదు, మడిలోని తల్లికి. నాగార్జునసాగర్ ఎడమకాలువ కింది మిర్యాలగూడ, కోదాడ మాగాణుల్లోనూ, చివ్వెంల చుట్టూ ఉన్న చేలల్లోనూ స్త్రీల చేతి మీదే నాటు, కలుపు, ఏరుడు నడుస్తాయి. రోజంతా తడిలో నిలబడి, బట్ట మార్చుకునే చాటు లేక, మూత్రానికి పోలేక గడిపే ఆ మూడు రోజులను వ్యాయామంతో పోల్చడానికే లేదు. అది ఇష్టపూర్వకమైన చేష్ట కాదు, అర్ధశక్తి దగ్గర ఆపుకునే వీలూ లేదు. నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్ 8.9తో, తెలంగాణ 7.7తో దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. దాని వెనుక కారణాలు అనేకం. నెలనెలా వచ్చే బాధ, దానివల్ల పోయే పని వాటిలో చేరకుండా లేవు. బీహార్ తన మహిళా ఉద్యోగులకు 1992 నుంచే నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవు ఇస్తోంది. పత్తికి కిలో లెక్కన, నాటుకు ఎకరం గుత్త లెక్కన డబ్బు ముట్టే చోట అలాంటి సెలవు ఇచ్చే యజమాని ఉండడు. ఒకామె ఆగితే ఆమె వరుసను గుంపులోని మిగతావారు మోయాలి, లేదా ఆమె వాటా తగ్గాలి. ముట్టులో శ్రమ తగదని నమ్మేవారు ముందుగా మాట్లాడవలసింది ఆ వాటా గురించే.